హ్యుందాయ్, కియా బండి మొరాయిస్తే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఈ రెండు కంపెనీల బండికి ఏదైనా సమస్య వస్తే ముందు చూడాల్సింది మోడల్ పేరు కాదు, బానెట్ కింద ఏ ఇంజన్ ఉంది, దానికి ఏ గేర్‌బాక్స్ బిగించారు అన్నది. 1944లో సైకిల్ విడిభాగాలతో మొదలైన కియా 1997లో దివాలా తీసి, 1998లో హ్యుందాయ్ చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఇద్దరూ ఇంజన్లు, గేర్‌బాక్స్‌లు పంచుకుంటున్నారు. హ్యుందాయ్ క్రెటా చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో తయారైనా, కియా సెల్టోస్ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైనా లోపల ఉన్నది ఒకటే కుటుంబం. అందుకే క్రెటాకు చెప్పిన వైద్యం సెల్టోస్‌కూ, వెన్యూకు చెప్పింది సోనెట్‌కూ పనికొస్తుంది.

1975లో మిత్సుబిషి ఇంజన్‌తో పోనీ కారు తెచ్చిన హ్యుందాయ్, 1991లో ఆల్ఫా పేరుతో సొంత ఇంజన్ చేసుకుంది. ఆ తర్వాత టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, డ్యూయల్ క్లచ్ లాంటివన్నీ మధ్యతరగతి ధరలోకి త్వరత్వరగా దించేసింది. ఓనర్లు మెచ్చుకునేది దాన్నే, తిట్టుకునేదీ దాన్నే. కింద చెప్పే వాటిలో కొన్ని ఆ తొందరలోంచి పుట్టినవే.

ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ వేడెక్కిందని మెసేజ్, బండి కుదుపులు

ఇది టర్బో పెట్రోల్ డీసీటీ (డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) బండ్లకే. ఒక లీటర్, 1.4, 1.5 టర్బో పెట్రోల్ ఇంజన్లకు వచ్చే 7 గేర్ల డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి, రెండూ పొడివి. అంటే వాటిని చల్లబరిచే ఆయిల్ లేదు. మాన్యువల్ బండిలో డ్రైవర్ హాఫ్ క్లచ్ మీద నడిపితే ప్లేటు ఎలా కాలుతుందో ఇక్కడా అంతే, కాకపోతే హాఫ్ క్లచ్ పట్టేది కంప్యూటర్. బ్రేక్ మీద కాలు తీసి అలా అలా పాకిస్తున్నంతసేపూ క్లచ్ జారుతూనే ఉంటుంది. కూకట్‌పల్లి జాంలో అరగంట పాకినా, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు బస్సు వెనకాల ఆగుతూ కదులుతూ వెళ్లినా వేడి పేరుకుపోతుంది. అన్నిటికన్నా చెడ్డది ఎత్తు మీద బ్రేక్ వేయకుండా కొద్దిగా రేస్ ఇచ్చి బండిని నిలబెట్టడం.

మెసేజ్ వచ్చి, గేర్ అక్షరం మిణుకుతూ బీప్ మోగితే బండిని పక్కకు తీసి పీ లో పెట్టండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. బ్రేక్ మీద కాలుంచి కొన్ని నిమిషాలు ఆగితే చల్లబడింది, వెళ్లొచ్చు అని మీటర్‌లోనే వస్తుంది. అది రాకముందే కదిలించొద్దు.

మళ్లీ రాకుండా ఉండాలంటే మారాల్సింది నడిపే పద్ధతి. ముందు బండికి రెండు మూడు కార్ల దూరం ఏర్పడేదాకా పూర్తిగా ఆగి ఉండండి, అప్పుడు ఒక్కసారి కదిలి మళ్లీ పూర్తిగా ఆగండి. వెనకాల హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. ఘాట్‌లో మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లి ఒకటి, రెండు గేర్లలోనే ఉంచండి. ఎత్తు మీద ఆగితే ఆటో హోల్డ్ గానీ హ్యాండ్ బ్రేక్ గానీ వాడండి.

వేడి లేకపోయినా, పొద్దున చల్లటి బండిలోనే ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు వస్తోందంటే అది వేరే కథ. సర్వీస్ సెంటర్‌లో వరస ఇలా ఉండాలి: ముందు గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, తర్వాత క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం, అప్పటికీ తగ్గకపోతేనే క్లచ్ సెట్ మార్పు. మొదటి రెండూ చేయకుండా నేరుగా మూడో దాని ఎస్టిమేట్ చేతిలో పెడితే ఒప్పుకోకండి.

రోజూ జాంలోనే తిరిగేవాళ్లకు అసలు డీసీటీ సరిపడదు. 1.5 లీటర్ మామూలు పెట్రోల్‌తో వచ్చే ఐవీటీ (మెట్లమెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) గానీ, డీజిల్‌తో వచ్చే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గానీ ఈ బాధ పడవు. పికప్ కొంచెం తగ్గినా ప్రాణానికి హాయి.

డీజిల్ బండిలో డీపీఎఫ్ దీపం, మైలేజ్ పడిపోవడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరగడం

2020 నాటి బీఎస్6 కాలుష్య నిబంధనల నుంచి 1.5 డీజిల్ ఇంజన్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుకుని, వీలు చిక్కినప్పుడు కాల్చేసుకుంటుంది. కాల్చాలంటే వేడి కావాలి, వేడి కావాలంటే బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చుకునే మూడు కిలోమీటర్ల ప్రయాణాలకు ఆ అవకాశమే ఉండదు.

మసి కాలుతున్నప్పుడు ఐడ్లింగ్ కాస్త పెరుగుతుంది, మైలేజ్ లెక్క పడిపోతుంది, ఇంజన్ ఆపినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కింది నుంచి వేడి వాసన కొడుతుంది. ఇది రోగం కాదు. కానీ ఆ సమయంలో ప్రతిసారీ ఇంజన్ ఆపేస్తుంటే, మసిని కాల్చడానికి సిలిండర్‌లోకి ఆలస్యంగా చిమ్మిన డీజిల్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుందంటే కారణం ఇదే. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌ను బట్టతో తుడిచి, మళ్లీ దించి తీసినప్పుడు గీత ఎఫ్ (ఫుల్) గుర్తు దాటి ఉండి, చుక్క వేళ్ల మధ్య నీళ్లలా జారుతూ డీజిల్ వాసన వస్తే కిలోమీటర్లు చూడకండి, ఆయిల్ మార్చేయండి.

దీపం వెలిగితే చేయాల్సింది మాన్యువల్‌లోనే ఉంది: గంటకు 60 కిలోమీటర్ల పైన, లేదా రెండో గేర్ దాటి 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య సుమారు 25 నిమిషాలు ఆపకుండా నడపడం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అవుటర్ రింగ్ రోడ్డే దీనికి మందు. విజయవాడ, గుంటూరు వైపు వాళ్లకు హైవే ఎటూ ఉంది. దీపంతో పాటు చెక్ ఇంజన్ కూడా వచ్చి పికప్ చచ్చిపోతే మాత్రం హైవే ఎక్కొద్దు. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి బలవంతంగా కాల్పించాలి.

ఆయిల్ విషయంలో పొదుపు వద్దు. డబ్బా మీద సీ2 గానీ సీ3 గానీ (బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ రకాలు), మీ మాన్యువల్‌లో చెప్పిన సీ రకం ఏదైతే అది రాసి ఉండాలి. మామూలు ఆయిల్ కాలితే మిగిలే బూడిద డీపీఎఫ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, ఎంత పరిగెత్తించినా పోదు. డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చి ఇస్తామనే మెకానిక్‌లు ఊరికొకరు ఉంటారు. అది చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోతుంది.

స్టార్ట్ బటన్ నొక్కితే ఇంజన్ లేవదు, గేర్ పీ నుంచి కదలదు

లైట్లు వెలుగుతూ, మ్యూజిక్ పాడుతూ, ఇంజన్ మాత్రం లేవకపోతే చాలామంది బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తారు. ముందు బండి వెనకాల ఒకరిని నిలబెట్టి బ్రేక్ తొక్కి చూడండి. బ్రేక్ లైట్ వెలగకపోతే, మీరు బ్రేక్ తొక్కిన సంగతే బండికి తెలియట్లేదన్నమాట. స్టార్ట్, గేర్ లాక్, క్రూజ్, ఈఎస్‌సీ (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) అన్నీ ఆ ఒక్క స్విచ్ మాటే వింటాయి. ఈ స్విచ్ లోపంతోనే 2013లో అమెరికాలో రెండు కంపెనీలూ కలిపి పది లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచాయి.

మొదట స్టాప్ ల్యాంప్ ఫ్యూజ్ చూడండి. పోయి ఉంటే మార్చండి. చేతిలో ఫ్యూజ్ లేకపోతే బ్రేక్ తొక్కకుండా బటన్ ఒకసారి నొక్కి ఏసీసీలోకి (ఇంజన్ లేవకుండా కరెంటు మాత్రమే వచ్చే స్థితి) తెచ్చి, ఆ తర్వాత అదే బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకోండి, ఇంజన్ లేస్తుంది. ఆ దారిన పోయేటప్పుడు బ్రేక్ లైట్లు లేవని గుర్తుంచుకుని నేరుగా షెడ్డుకు వెళ్లండి. గేర్ పీ లోనే బిగుసుకుపోతే హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ లివర్ పక్కన ఉండే చిన్న మూతను స్క్రూడ్రైవర్‌తో లేపి, లోపలికి నొక్కి పట్టి లివర్ జరపాలి.

ఫ్యూజ్ బాగుంటే బ్రేక్ పెడల్ పైన ఉన్న స్విచ్ మార్చాలి. చిన్న పార్టే, పెద్ద పనేం కాదు.

దీనికి సరిగ్గా తలకిందులు ఇంకోటుంది: బండి ఆపినా బ్రేక్ లైట్లు ఆరవు, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. పాత బండి అయితే డ్రైవర్ మ్యాట్ మీద వెతకండి. పొడిపొడిగా విరిగిన చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే, పెడల్ కడ్డీకి ఉండే స్టాపర్ బొడిపె ఎండలకు పెళుసెక్కి రాలిపోయింది. స్విచ్‌ను నొక్కాల్సిన చోట ఇప్పుడు చిల్లు ఉంది. కొత్త బొడిపె తెచ్చి ఆ చిల్లులో వేలితో నొక్కి దించితే అయిపోతుంది. దీనికి వైరింగ్ మొత్తం విప్పిన సందర్భాలూ ఉన్నాయి.

అసలు తాళమే కనబడట్లేదని మెసేజ్ వస్తే తాళంలోని సీఆర్2032 బిళ్ల అయిపోయింది. అప్పటికి తాళంతోనే బటన్‌ను నొక్కండి, పని చేస్తుంది.

అమెరికాలో వాడిన హ్యుందాయ్ సొనాటా, కియా ఆప్టిమా కొంటున్నవాళ్లకు

చదువుకోవడానికి వెళ్లిన మనవాళ్లు తక్కువ ధరకు దొరుకుతుందని ఎక్కువగా కొనేవి ఇవే. మూడు సంగతులు చూసుకుని డబ్బు కట్టండి.

ఇంజన్ అడుగు నుంచి టకటకమని, రేస్‌తో పాటు వేగం పెరిగే చప్పుడు వస్తే అది థీటా2 ఇంజన్‌లో రాడ్ బేరింగ్ పోవడం. 2011 నుంచి వచ్చిన 2.4, 2.0 టర్బో పెట్రోల్ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ చెక్కినప్పుడు ఆయిల్ దారుల్లో లోహపు రజను మిగిలిపోయింది. అది బేరింగ్‌కు ఆయిల్ అందకుండా చేసి ఇంజన్‌ను పట్టేస్తుంది. 2015లో సొనాటాలతో మొదలైన రీకాల్ 2017లో ఆప్టిమా, సొరెంటో, స్పోర్టేజ్‌లకు పాకింది. రీకాల్ ఆలస్యం చేసినందుకు 2020లో రెండు కంపెనీల మీద కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా పడింది. చప్పుడు వినిపిస్తే అక్కడే ఆపి టోయింగ్ చేయించండి, ఇంకో మైలు కూడా నడపొద్దు. చాలా బండ్లకు ఇంజన్ వారంటీ పొడిగించారు కాబట్టి విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) చెప్పి డీలర్‌ను అడగండి. ఆయిల్ మార్చిన రసీదులు లేకపోతే అక్కడ వాదన మొదలవుతుంది. పాత ఓనర్ దగ్గర అడిగి అవి తీసుకోండి.

ఇన్సూరెన్స్ రేటు విపరీతంగా చెబితే కారణం దొంగతనాలు. 2011 నుంచి 2022 దాకా తాళం తిప్పి స్టార్ట్ చేసే చాలా బండ్లకు అక్కడ ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా ఇంజన్ లేవనీయని పరికరం) పెట్టలేదు. బటన్ స్టార్ట్ బండ్లకు ఈ బెడద లేదు. 2023 ఫిబ్రవరి నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. అయితే బండిని రిమోట్‌తో లాక్ చేస్తేనే అది పనిచేస్తుంది. డోర్ హ్యాండిల్‌లో తాళం తిప్పి లాక్ చేస్తే వేసుకున్నా వేసుకోనట్టే.

మూడోది ఆగి ఉన్న బండి. ఏబీఎస్ మాడ్యూల్‌లోకి బ్రేక్ ఆయిల్ కారి షార్ట్ అయ్యి మంట పుట్టే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబర్‌లో 33 లక్షలకు పైగా బండ్లను పిలిచారు, గ్యారేజీలో పెట్టొద్దన్నారు. పని జరిగిందా లేదా అని విన్ నంబర్‌తో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

ఐయోనిక్ 5, ఈవీ6 ఎలక్ట్రిక్ బండ్లు: టప్పుమని చప్పుడు, తర్వాత పవర్ పడిపోవడం

పెద్ద బ్యాటరీలో చార్జింగ్ నిండుగా ఉన్నా బండి ఆగిపోవడం చూసి ఓనర్లు బిత్తరపోతారు. పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపే ఐసీసీయూ అనే డబ్బాలో ట్రాన్సిస్టర్లు కాలిపోతే చిన్న బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది. ఎలక్ట్రిక్ సిస్టమ్ చెక్ చేయమని మెసేజ్ వచ్చిన వెంటనే పక్కకు తీసి ఆపండి, ఇంటిదాకా లాగుదామనుకోవద్దు. జంప్ స్టార్ట్ ఇచ్చాక మెసేజ్ పోయి మళ్లీ రాకపోతే అది చిన్న బ్యాటరీ ముసలిదవడం, వెంటనే తిరిగి వస్తే ఐసీసీయూ. 2024లో అమెరికాతో పాటు ఇండియాలోనూ రీకాల్ చేశారు: సాఫ్ట్‌వేర్ మారుస్తారు, అవసరమైతే డబ్బా, ఫ్యూజ్ రెండూ మారుస్తారు.

ఏసీ గాలి తగ్గింది

గ్యాస్ పట్టించకముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. గ్లోవ్‌బాక్స్ తెరిచి, కుడి వైపు చిన్న కడ్డీ ఉంటే ఊడదీసి, రెండు పక్కల స్టాపర్లు తీస్తే అది కిందికి వేలాడుతుంది. వెనకాల సన్నటి ప్లాస్టిక్ మూత, దాని వెనక ఫిల్టర్. కొత్తది పెట్టేటప్పుడు గాలి బాణం గుర్తు కిందికి ఉండాలి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి 10 వేల కిలోమీటర్లకొకసారి మార్చక తప్పదు. ఫిల్టర్ శుభ్రంగా ఉండి గాలి జోరుగా వస్తున్నా చల్లదనం లేకపోతే, అప్పుడు ముందు గ్రిల్ వెనక ఉన్న కండెన్సర్‌ను తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగించండి. ఆ తర్వాతే గ్యాస్ లీక్ టెస్ట్.