బుక్‌మార్కుల బ్యాకప్: ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా సరిచేసుకోవాలి

బ్రౌజర్‌లో దాచుకున్న లింకులను, అంటే బుక్‌మార్కులను, ఫైలుగా బయటికి తీసుకుందామని ఎక్స్‌పోర్ట్ కొట్టారు, ఫైలు వచ్చింది, పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నారు. పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించి కొత్త విండోస్ వేసుకున్నాక ఆ ఫైలు తెరిస్తే నాలుగు లింకులే కనిపిస్తాయి, మిగతా మూడు వందలు లేవు. బుక్‌మార్కుల విషయంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. చాలాసార్లు దీనికి కారణం క్రోమ్ కాదు, ప్రొఫైల్, అంటే ఒకే బ్రౌజర్‌లో ఒక్కొక్కరికీ వేరుగా పెట్టుకునే ఖాతా.

క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ఒక్కో ప్రొఫైల్‌కు బుక్‌మార్కులు విడివిడిగా ఉంటాయి. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుతుంటే, లేదా చిత్తూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ పనికి ఒకటి, సొంత మెయిల్‌కు ఒకటి పెట్టుకుంటే, ఎక్స్‌పోర్ట్ మీద నొక్కినప్పుడు ఆ కిటికీ ఏ ప్రొఫైల్‌దో దాని బుక్‌మార్కులే బయటికొస్తాయి. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ మీద నొక్కి ఎన్ని ప్రొఫైళ్లున్నాయో ముందు చూడండి. మూడుంటే ఎక్స్‌పోర్ట్ మూడుసార్లు చేయాలి. ఫైలు పేరులో క్రోమ్ తేదీ ఒక్కటే పెడుతుంది, ఎవరిదో రాయదు. కాబట్టి సేవ్ చేసేటప్పుడే 'ఆఫీసు', 'ఇల్లు' అని పేరు మార్చుకోండి.

అసలు పద్ధతి చిన్నదే. కంట్రోల్, షిఫ్ట్, ఓ మూడూ కలిపి నొక్కితే బుక్‌మార్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కుడివైపు పైన మూడు చుక్కల్లో 'ఎక్స్‌పోర్ట్ బుక్‌మార్క్స్' ఉంటుంది. ఎడ్జ్‌లోనూ అవే మీటలు, అక్కడ వాటిని ఫేవరెట్స్ అంటారు. వచ్చేది హెచ్‌టీఎంఎల్ ఫైలు. పాస్‌వర్డ్‌లు ఇందులో రావు, వాటిని వేరుగా తీసుకోవాలి. తెరిచి ఉన్న ట్యాబులు కూడా రావు. అవి కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కు ముందే కంట్రోల్, షిఫ్ట్, డీ నొక్కండి, తెరిచి ఉన్నవన్నీ గంపగుత్తగా ఒక ఫోల్డర్‌లో చేరతాయి.

ఫైలు వచ్చిందన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. దాని మీద రెండుసార్లు నొక్కి బ్రౌజర్‌లోనే తెరవండి, లింకులన్నీ మామూలు పేజీలా కనిపిస్తాయి. ఈ వారం దాచుకున్న ఒక లింకును, ఏళ్ల కిందట దాచిన ఒకదాన్ని కంట్రోల్, ఎఫ్ కొట్టి వెతకండి. రెండూ దొరికితే ఫైలు సరిగా ఉన్నట్టే. సైజు కూడా చూడండి. సైట్ల చిన్న బొమ్మలు కూడా ఫైల్లోనే చేరతాయి కాబట్టి వందల లింకులున్న ఫైలు వందల కేబీలు తూగుతుంది. ఒక కేబీ దగ్గరే ఆగిపోతే లోపల ఏమీ లేదని అర్థం. సున్నా కేబీ చూపిస్తే మాత్రం అది బ్రౌజర్ తప్పు కాదు. కాపీ పూర్తయ్యేలోపే, 'ఎజెక్ట్' కొట్టకుండా పెన్‌డ్రైవ్ పీకేసి ఉంటారు.

ఇక సింక్. 'నాది గూగుల్ అకౌంట్‌లో ఉంది, బ్యాకప్ ఎందుకు' అని చాలామంది అంటారు. సింక్ పని అన్ని చోట్లా ఒకేలా ఉంచడం, దాచిపెట్టడం కాదు. ఫోన్‌లో పిల్లవాడు ఒక ఫోల్డర్ చెరిపేస్తే ఇంట్లో కంప్యూటర్‌లోనూ, ఆఫీసులోనూ అది నిమిషాల్లో మాయమవుతుంది. సింక్ ఉండాలి, దానికి తోడు నెలకొక హెచ్‌టీఎంఎల్ ఫైలూ ఉండాలి.

చెరిగిపోయాక ఏం చేయాలన్నది ఎంత త్వరగా చూసుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. క్రోమ్ ఇంకా మూయకపోతే బుక్‌మార్క్ మేనేజర్‌లోనే కంట్రోల్, జెడ్ కొట్టండి. చెరిగిన ఫోల్డర్ తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలియకే చాలామంది కంగారుపడి కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ఉన్న దారినీ మూసుకుంటారు.

క్రోమ్ మూసేసి ఉంటే మళ్లీ తెరవకండి. బుక్‌మార్కులు 'బుక్‌మార్క్స్' అనే ఫైల్లో ఉంటాయి, దాని చివర ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఫైలు రకం గుర్తు) ఏమీ ఉండదు. దాని పక్కనే చివర డాట్ బ్యాక్ (.bak) ఉన్న ఇంకో ఫైలు ఉంటుంది, అది ఒక అడుగు పాత నకలు. క్రోమ్ తెరిచి ఏ చిన్న మార్పు చేసినా, ఇప్పుడున్న ఖాళీ ఫైలే వచ్చి ఈ పాత నకలును మింగేస్తుంది. తొందరపడొద్దనేది అందుకే.

ఆ ఫైళ్లను చేరే దారి ఇది. విండోస్ గుర్తు, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ఇంగ్లీషులో లోకల్‌యాప్‌డేటా (%localappdata%) అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. అక్కడినుంచి గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డీఫాల్ట్. ఎడ్జ్ అయితే మైక్రోసాఫ్ట్, ఎడ్జ్, యూజర్ డేటా, డీఫాల్ట్. రెండో ప్రొఫైల్ వాడేవాళ్లకు డీఫాల్ట్ బదులు 'ప్రొఫైల్ 1', 'ప్రొఫైల్ 2' లాంటి ఫోల్డర్లు ఉంటాయి. ఏది మీదో తెలియకపోతే రెండూ తెరిచి ఫైళ్ల తేదీలు, సైజులు పోల్చండి. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టుకోకపోతే ఏది అసలు, ఏది నకలు అన్న తికమక తప్పదు.

ముందుగా ఆ ఫోల్డర్‌లో బుక్‌మార్క్స్ అన్న మాట ఉన్న ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి పెట్టుకోండి. ఇకపై ఏం పాడైనా వెనక్కి రావచ్చు. తర్వాత నడుస్తున్న ప్రోగ్రాములను చూపే టాస్క్ మేనేజర్ తెరిచి క్రోమ్ ఎక్కడా నడవడం లేదని చూసుకోండి. కిటికీ మూసినా క్రోమ్ వెనకాల నడుస్తూ ఉండవచ్చు, అలా ఉండగా ఫైలు మార్చితే దాని మీద అది మళ్లీ తన పాత సరుకే రాస్తుంది. వైఫై ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ లేని అసలు ఫైలు పేరు చివర 'పాతది' అని చేర్చండి. డాట్ బ్యాక్ ఫైలు పేరులోంచి డాట్ బ్యాక్ తీసేయండి. ఇప్పుడు నెట్ లేకుండానే క్రోమ్ తెరవండి. బుక్‌మార్కులు కనిపించగానే చేయాల్సిన మొదటి పని హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయడం. ఆ తర్వాతే వైఫై వేయండి. సింక్ వచ్చి వాటిని మళ్లీ చెరిపేసినా ఫరవాలేదు, ఆ ఫైలును ఇంపోర్ట్ చేస్తే, అంటే బ్రౌజర్‌లోకి తిరిగి చేర్చుకుంటే, అవి కొత్త బుక్‌మార్కుల కింద లెక్కకొస్తాయి, సింక్ వాటిని తీసేయదు.

ఈశాన్య రుతుపవనాల వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తిరుపతి చుట్టుపక్కల కరెంటు ఉన్నట్టుండి పోతుంటుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో అలా ఆగిపోయినప్పుడు ఎప్పుడో ఒకసారి బుక్‌మార్క్స్ ఫైలు పాడై, బ్రౌజర్ పైన ఉండే బుక్‌మార్కుల బార్ ఖాళీగా కనిపిస్తుంది. మందు పైన చెప్పిందే.

ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో మెరుగు. తనంతట తానే బ్యాకప్‌లు తీస్తూ 15 దాకా దాచిపెడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కితే లైబ్రరీ తెరుచుకుంటుంది. అందులో 'ఇంపోర్ట్ అండ్ బ్యాకప్' కింద 'రిస్టోర్' మీదికి వెళితే తేదీల వరుస కనిపిస్తుంది, పక్కనే ఎన్ని బుక్‌మార్కులున్నాయో అంకె ఉంటుంది. నిన్నటిది 12, మొన్నటిది 640 అని ఉంటే ఏది ఎంచుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. రిస్టోర్ అంటే ఉన్నవాటికి కలపడం కాదు, ఉన్నవన్నీ తీసేసి పాతవి పెట్టడం. ఈ మధ్య దాచుకున్నవి పోకూడదంటే ముందు ఒక ఎక్స్‌పోర్ట్ తీసుకోండి. అలాగే 'బ్యాకప్' నొక్కితే వచ్చే జేసన్ ఫైలును క్రోమ్ చదవదు. బ్రౌజర్ మారేటప్పుడు 'ఎక్స్‌పోర్ట్ బుక్‌మార్క్స్ టు హెచ్‌టీఎంఎల్' వాడండి, ఫైర్‌ఫాక్స్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కైతే జేసన్ మేలు.

ఇంపోర్ట్ చేసినప్పుడు తెలుగు పేర్లు పాడవడం మనవాళ్లకే ఎక్కువగా వచ్చే చిక్కు. ఇందులో రెండు రకాలున్నాయి. తెలుగు ఉండాల్సిన చోట నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఎ', దాని పక్కన డిగ్రీ సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు మళ్లీ మళ్లీ వస్తుంటే బతికిపోయినట్టే. అన్ని భాషల అక్షరాలనూ రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, మొదటి రెండింటినీ పాత ఇంగ్లీషు పట్టికతో చదివితే కనిపించేవి ఆ గుర్తులే. లోపలి అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతే తప్పు. చెడకుండా ఉన్న అసలు ఫైలును మళ్లీ ఇంపోర్ట్ చేయండి, ఫైలు పైభాగంలో యూటీఎఫ్-8 అని చెప్పే వరుస ఉందో లేదో చూడండి. అలా కాకుండా వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే ఎవరో ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఏఎన్‌ఎస్‌ఐ'గా, అంటే ఆ పాత పట్టిక పద్ధతిలో, సేవ్ చేసి ఉంటారు. ఆ పట్టికలో తెలుగుకు చోటు లేదు, అక్షరాలు నిజంగానే పోయాయి. పేర్లు తిరిగి రావు, లింకులు మాత్రం పనిచేస్తాయి. నోట్‌ప్యాడ్‌లో మార్చాల్సి వస్తే 'సేవ్ యాజ్' పెట్టెలో కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఉందని చూసుకున్నాకే సేవ్ కొట్టండి. వర్డ్‌లో మాత్రం అసలు తెరవొద్దు. సేవ్ చేస్తే అది ఫైలు స్వరూపమే మార్చేస్తుంది.

ఇంపోర్ట్ కొట్టినా ఏమీ రాకపోతే ఫైలు పేరు చివర చూడండి. హెచ్‌టీఎంఎల్ తర్వాత డాట్ టీఎక్స్‌టీ కూడా తగిలి ఉంటే ఎంచుకునే పెట్టెలో ఫైలు కనిపించదు. పేరు బాగానే ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చదవండి. నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్ పేరు అక్కడ ఉండాలి. ఆ బ్రౌజర్ ఎప్పుడో మూలన పడింది, అయినా దాని ఫైలు పద్ధతినే అందరూ ఇప్పటికీ వాడుతున్నారు. ఆ వరుస పోయి ఉంటే ఇంకో మంచి ఎక్స్‌పోర్ట్ ఫైలునుంచి దాన్ని తెచ్చి అతికించండి. ఇంపోర్ట్ అయినవి కనిపించలేదంటే బార్ చివర 'ఇంపోర్టెడ్' అనే ఫోల్డర్‌లో వెతకండి. కనిపించలేదని మళ్లీ మళ్లీ ఇంపోర్ట్ చేస్తే అన్నీ రెండేసి, మూడేసి అవుతాయి. క్రోమ్ పాతవాటితో పోల్చి చూడదు.

యూనివర్సిటీ ల్యాబ్‌లలో, తిరుపతి బాలాజీ కాలనీ నెట్ సెంటర్లలో ఇంకో రకం ఇబ్బంది. కొన్ని చోట్ల రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్ మొదటి స్థితికి వెళ్లిపోయేలా సాఫ్ట్‌వేర్ వేసి ఉంచుతారు. అక్కడ దాచిన బుక్‌మార్క్ సాయంత్రానికి ఉండదు, దాన్ని వెతికి లాభం లేదు. బుక్‌మార్క్ మార్చే వీలే లేకుండా కనిపిస్తే, మూడు చుక్కల కింద 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అన్న మాట ఉందేమో చూడండి, అది అడ్మిన్ పెట్టిన కట్టడి. ఇలాంటి చోట్ల సొంత అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వడం కన్నా లింకులు మీకే మెయిల్ చేసుకోవడం నయం.

ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ లేదు. సింక్ వేసి కంప్యూటర్‌లో తీసుకోవచ్చు. కంప్యూటర్ లేనివాళ్లకు గూగుల్ టేక్‌అవుట్ ఉంది, అకౌంట్‌లో ఉన్న మన సమాచారాన్ని దించుకునే సైటు అది. అందులో ముందు అన్ని టిక్కులూ తీసేసి, క్రోమ్ ఒక్కటే ఎంచుకుని, దాని లోపల బుక్‌మార్క్స్ మాత్రమే ఉంచండి. జిప్ ఫైలు లింకు మెయిల్‌కు వస్తుంది, వారం రోజుల్లో దించుకోవాలి. ఆ హెచ్‌టీఎంఎల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకుంటే చెడకుండా చేరుతుంది.

ఫైలు బాగున్నా లింకు తెరుచుకోకపోతే తప్పు బ్యాకప్‌ది కాదు. లాగిన్ అయ్యాక వచ్చిన పేజీని దాచుకుంటే 'సెషన్ ఎక్స్‌పైర్డ్' అనే వస్తుంది. దర్శనం టికెట్లకైనా, జీఎస్టీకైనా లాగిన్‌కు ముందున్న పేజీనే దాచండి. చిరునామాలూ మారుతుంటాయి. టీటీడీ బుకింగ్ ఒకప్పుడు తిరుపతిబాలాజీ పేరుతో ఉన్న ప్రభుత్వ సైటులో ఉండేది, ఇప్పుడది టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినప్పుడు దానికి సొంత సైటు వచ్చింది, శ్రీకాళహస్తి వాళ్లు చిత్తూరు జిల్లా లింకు పట్టుకుని వెతికితే తమ నోటిఫికేషన్లు కనిపించవు. పాత ఫైలును ఇంపోర్ట్ చేసినప్పుడు ఇలాంటివి ఒకసారి తెరిచి చూసి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉన్నవే ఉంచుకోండి. టికెట్ల పేరుతో దొంగ సైట్లు తక్కువేం లేవు.

ఎక్స్‌పోర్ట్ ఫైళ్లను చివరి మూడింటిని ఉంచుకుంటే చాలు. ప్రతిదానికీ ఒక నకలు కంప్యూటర్‌లో, అదీ సి డ్రైవ్‌లో కాకుండా డి డ్రైవ్‌లో, ఇంకొకటి మీ మెయిల్‌లో. ఫార్మాట్‌కు ఇచ్చే ముందు షాపువాళ్లకు 'డి డ్రైవ్ ముట్టుకోవద్దు' అని చెప్పడమే కాదు, మెయిల్‌లో ఉన్న ఫైలును ఇంకో ఫోన్‌లో తెరిచి చూశాకే కంప్యూటర్ చేతికివ్వండి.