తుఫానుకు ట్యాంకు నింపుకున్నట్టే: కొవ్వాడ చుట్టుపక్కల ఊళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు దగ్గరపడిందంటే మన తీరంలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మేడమీద ట్యాంకు నిండుతుంది, టార్చిలైటు బయటికొస్తుంది, ఫోన్లన్నీ చార్జింగుకెక్కుతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ నేర్పిన అలవాటది. గాలి వీచింది ఒక్క రోజే, కరెంటూ నీళ్లూ లేక పడ్డ అవస్థ మాత్రం రోజుల తరబడి సాగింది. భూకంపం దెబ్బ తిన్న అణు విద్యుత్ కేంద్రం పరిస్థితి కూడా అచ్చం ఇంతే. దాన్ని ముంచేదీ తేల్చేదీ కరెంటూ నీళ్లే.

మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. ఇంకా ఒక్కటీ లేవలేదు. మరి ఇప్పుడే ఎందుకీ గోల అంటారా? కొన్ని జాగ్రత్తలు పునాది పడకముందు అడిగితేనే పనికొస్తాయి.

"భూకంపం వస్తే రియాక్టరు బాంబులాగ పేలిపోద్దేటి బావా?" అని రణస్థలం టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలా పేలదు. నేల గట్టిగా కదలగానే నియంత్రణ కడ్డీలు సెకన్లలో లోపలికి దిగి అణు చర్యను ఆపేస్తాయి. చిక్కంతా ఆపిన తర్వాతే. గెత్తం కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, పైన మంటేమీ లేకపోయినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది. వాడిన అణు ఇంధనం కూడా అంతే. ఆపిన క్షణంలో మామూలు వేడిలో ఆరేడు శాతం మిగులుతుంది. గంటకి అది ఒకటిన్నర శాతానికి, రోజుకి అర శాతానికి దిగుతుంది. అర శాతమే కదా అనుకోకండి. కొవ్వాడకు అనుకుంటున్న రకం రియాక్టరు ఒక్కోటి సుమారు 3400 మెగావాట్ల వేడి పుట్టిస్తుంది. అందులో అర శాతమంటే గంటకు ఇరవై టన్నులకు పైగా నీళ్లను ఆవిరి చేసే వేడి. ట్రాక్టరు ట్యాంకర్లు గంటకు నాలుగైదు ఖాళీ అవుతున్నట్టు లెక్క. అదీ ఒక్క రియాక్టరుకే.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగింది ఇదే. 9 తీవ్రత భూకంపానికి రియాక్టర్లు బుద్ధిగా ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ముప్పావు గంట దాటాక వచ్చిన సునామీ కింది అంతస్తుల్లోని జనరేటర్లనీ బ్యాటరీలనీ ముంచేసింది. నీళ్లు తిరగక ఇంధనం కరిగింది. ఇంధనం తొడుగు లోహం ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుట్టింది. ఆ హైడ్రోజనే 12న ఒకటో యూనిట్ భవనాన్ని, 14న మూడో యూనిట్ భవనాన్ని పేల్చింది. సిబ్బంది కార్ల బ్యాటరీలు ఊడదీసి తెచ్చి మీటర్లు చదివారు. ఫైరింజన్లతో సముద్రపు నీళ్లు కొట్టారు, ఆ నీళ్లలో చాలా భాగం వేరే గొట్టాల్లోకి మళ్లిపోయింది. పరిస్థితి అదుపులోకి వచ్చిందని ప్రకటించేసరికి డిసెంబరు అయింది.

అదే కేంద్రంలో ఐదు, ఆరు యూనిట్లు ఎలా బతికాయో చూడండి. కాస్త మెరకలో పెట్టిన జనరేటరు ఒక్కటి మునగలేదు, అంతే. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా కేంద్రాన్ని దాదాపు 15 మీటర్ల ఎత్తులో కట్టారు. ఇళ్లు పోయిన చుట్టుపక్కల ఊరివాళ్లు అందులోనే తలదాచుకున్నారు. ఇంత చదువు చదివినా చివరికి తేల్చింది మెరకే!

అందుకే గ్రామసభలో ఉద్యోగాల సంగతి అడిగాక ఇవీ అడగండి: జనరేటర్లు ఏ ఎత్తులో పెడతారు? తుఫానూ వరదా కలిసొస్తే డీజిల్ ట్యాంకరు ఏ దారిన వస్తుంది? ఈ రకం రియాక్టరు పైకప్పు ట్యాంకులోని నీళ్లతో, కరెంటు లేకుండానే 72 గంటలు చల్లబడుతుందంటారు. మంచిదే. తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటు 72 గంటల్లో వచ్చిందా? నాలుగో రోజు నీళ్లు తెచ్చేదెవరో పేరుతో చెప్పమనండి.

ఇక ఇంటి సంగతి. నేల గట్టిగా ఊగినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా ముందు మెరకకు వెళ్లండి. రేడియేషన్ సంగతి తర్వాత. అండమాన్ వైపు పుట్టిన సునామీ మన దాకా రావడానికి గంటలు పడుతుంది, హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరికల కేంద్రం నుంచి కబురు వస్తుంది. సెల్‌టవర్లు పడిపోవచ్చు, బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకోండి.

అణు కేంద్రం నుంచి రేడియేషన్ లీకయిందని అధికారులు చెబితే పరిగెత్తడం మొదటి పని కాదు. శ్లాబు ఇంట్లోకి వెళ్లి తలుపులూ కిటికీలూ మూసెయ్యండి, కూలరూ ఏసీ ఆపండి. పూరిల్లు, రేకుల ఇల్లయితే పక్కవాళ్ల శ్లాబింటికి. ఇప్పుడు పంతాలకు పోకండి. బయటినుంచి వచ్చినవాళ్లు బట్టలు గుమ్మం దగ్గరే విప్పి సంచిలో కట్టి, ఒళ్లు కడుక్కుంటే అంటిన ధూళిలో ఎక్కువ భాగం పోతుంది. నూతికి మూత వెయ్యండి.

పశువుల్ని సాలలో కట్టి, కప్పి ఉంచిన ఎండుగడ్డే వెయ్యండి. రేడియోధార్మిక అయోడిన్ గడ్డిమీద పడి, ఆవు కడుపులోంచి పాలలోకి, పాలనుంచి పిల్లల థైరాయిడ్‌లోకి చేరుతుంది. అది ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది కాబట్టి, కొన్ని వారాలు ఆ పాలు పట్టకపోతే గండం గడిచినట్టే. లీకులో వచ్చే మరో రేడియోధార్మిక పదార్థం సీజియం అలా కాదు, సగమవడానికే 30 ఏళ్లు. వేటకు వెళ్లేవాళ్లు పరీక్షలయ్యేదాకా చేప అమ్మకూడదు, తినకూడదు.

అయోడిన్ మాత్ర చెప్పినప్పుడే వేసుకోవాలి. ముందు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు. అది థైరాయిడ్‌నే కాపాడుతుంది, మిగతా ఒంటిని కాదు. 2011లో చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం కొట్లమీద పడ్డారు. ఆ ఉప్పు తినగలిగినంత తిన్నా పనిచెయ్యదు, బీపీ పెరుగుతుంది.

ఊరు ఖాళీ చెయ్యమంటే అసలు కష్టం ముసలివాళ్లది, రోగులది. ఫుకుషిమాలో ఆస్పత్రుల్లోని వృద్ధులు పదుల సంఖ్యలో పోయింది రేడియేషన్‌తో కాదు, బస్సుల్లో గంటల తరబడి మందూ సెలైనూ లేకుండా తిప్పడంతో. మన జిల్లాలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. మీ వీధిలో మంచం మీద ఉన్నవాళ్లెవరు, వాళ్లని ఎవరి ఆటోలో ఎక్కిస్తారు, తర్వాతి డయాలసిస్ ఏ రోజు అనేది కాగితం మీద రాసి, వాళ్ల ఆస్పత్రి కార్డుతో కలిపి గుమ్మం పక్కనే తగిలించండి.