చైన్ బిగించారా? అయితే హాఫ్ షాఫ్ట్ ఆట మళ్లీ కొలవండి

ఫార్ములా భారత్ (ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన రేస్ కార్ల పోటీ) దగ్గరపడుతుందంటే చాలు, టెస్టింగ్‌లో హాఫ్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి శక్తి అందించే కడ్డీ) ఊడిన కార్ల ఫొటోలు గ్రూపుల్లోకి వచ్చేస్తాయి. ఒక కారుకి ట్రైపాడ్ (షాఫ్ట్ చివర మూడు రోలర్లుండే ముక్క) అది కూర్చునే గిన్నెలాంటి హౌసింగ్‌లోంచి బయటపడి ఉంటుంది, ఇంకో కారుకి డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ శక్తి పంచే భాగం) కవరే పగిలి ఉంటుంది. చాలాసార్లు రెండింటికీ మూలం ఒక్కటే: కారు నేల మీద నిలబడి ఉండగా ఒక్కసారి చూసి స్పేసర్ (షాఫ్ట్ జరక్కుండా ఆపే ముక్క) పొడవు ఖాయం చేసేయడం.

జాయింట్ మీద చిరిగిన రబ్బరు బూటు మార్చాలని మీకు చెప్పక్కర్లేదు. షాఫ్ట్ ఆట, అంటే అది అటూ ఇటూ జరగడానికి మిగిలిన ఖాళీ, దాని కొలత సంగతే చెప్తాం.

మారుతి 800, ఆల్టో జాయింట్లతో కట్టే స్టూడెంట్ కార్లలో షాఫ్టుకి రెండు చివర్లా ట్రైపాడే ఉంటే, అది అటూ ఇటూ జరక్కుండా ఆపేవి హౌసింగ్ అడుగున పెట్టే స్పేసర్లే. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రెండు హౌసింగుల మధ్య దూరం మారుతుంది. స్పేసర్ పొడవెక్కువైతే ఏదో ఒక ఎత్తులో షాఫ్ట్ రెండు వైపులా గుద్దుకుంటుంది, ఆ తోపుడంతా బేరింగుల మీద పడుతుంది. పొట్టిదైతే రోలర్లు హౌసింగ్ అంచు దాటేస్తాయి.

అందుకే డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) తీసి కొలవండి. కారు స్టాండ్ల మీద పెట్టి, జాకీతో అప్‌రైట్‌ని (చక్రం హబ్‌ని పట్టుకునే భాగాన్ని) కింద నుంచి పైదాకా 10 మి.మీ. చొప్పున లేపండి. ప్రతిచోటా షాఫ్ట్‌ని ఒకవైపు నెట్టి, ఇంకోవైపు లాగి, ఆట ఎంతుందో రాసుకోండి. రూల్‌బుక్ అడిగే 50 మి.మీ. చక్ర కదలిక దగ్గర ఆగొద్దు, బంప్ స్టాప్ (చక్రం పైకి పోకుండా చివర్లో ఆపే రబ్బరు దిమ్మ) పూర్తిగా నలిగే ఎత్తుదాకా వెళ్లండి. బాగా బిగువైన చోట కూడా 2 మి.మీ. ఆట మిగలాలి. బాగా వదులైన చోట, షాఫ్ట్‌ని ఎటు లాగినా రోలర్లు పూర్తిగా లోపలే ఉండాలి.

నమ్మకం కుదరకపోతే గ్రీజు తుడిచి, రెండు స్పేసర్ల మీదా మోడలింగ్ క్లే ముద్దలు పెట్టండి. చక్రాన్ని కింద నుంచి పైదాకా ఒకసారి కదిపి విప్పండి. నలిగిన రెండు మందాలూ వెర్నియర్‌తో కొలిచి కలిపితే, మిగిలిన ఆట ఎంతో తెలిసిపోతుంది. ముద్దలు సిగరెట్ కాగితంలా పల్చబడితే స్పేసర్ కోయాల్సిందే.

చైన్ బిగించాక డ్యాంపర్ తీసి మళ్లీ కొలవండి. బిగించడానికి డిఫరెన్షియల్‌ని వెనక్కి జరిపితే పైనుంచి చూసినప్పుడు షాఫ్ట్ ఏటవాలుగా పడుతుంది, పాత లెక్క పనికిరాదు. స్ప్రాకెట్ మార్చినా, క్యాంబర్ (చక్రం వంపు) సరిచేసే పల్చటి షిమ్ వేసినా, సస్పెన్షన్ కడ్డీ చివరి రాడ్ ఎండ్ ఒక్క చుట్టు తిప్పినా అంతే.

స్పేసర్‌కి డెల్రిన్ (ఒక గట్టి ప్లాస్టిక్) వాడండి, నైలాన్ వద్దు, అది తేమ పీల్చి ఉబ్బుతుంది. స్పేసర్‌కి నడిమధ్య రంధ్రం పెట్టండి, లేకపోతే వెనక చిక్కుకున్న గ్రీజు షాఫ్ట్‌ని కదలనివ్వదు. హౌసింగ్‌ని గ్రీజుతో కుక్కి నింపొద్దు. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు పెట్టొద్దు. విప్పిన సర్క్లిప్ (ట్రైపాడ్‌ని షాఫ్ట్ మీద పట్టి ఉంచే రింగు) మళ్లీ వాడొద్దు. రోలర్ నడిచే దారిలో గోరు తట్టుకుంటే ఆ హౌసింగ్ పక్కన పడేయండి. ఒక జాయింట్ రోలర్లు ఇంకో జాయింట్‌లో వేయొద్దు. ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) ముఖం మీద గ్రీజు చుక్క కూడా ఉండకూడదు, బోల్టులు వదులయ్యేది అక్కడే. టార్క్ రెంచ్‌తో బిగించి పెయింట్ గీత గీయండి, మొదటి రన్ తర్వాత మళ్లీ చూడండి. చక్రాలు వేలాడుతుండగా థ్రాటిల్ తొక్కొద్దు. ఎండ్యూరెన్స్‌కి (పోటీలో దూరపు పరుగుకి) ముందు రాత్రి పన్నెండింటికి చైన్ బిగించినా సరే, డ్యాంపర్ తీసి కొలవండి.