పార్కిన్సన్స్‌కు సైకిల్ - 3వ పాఠం: చుట్లు లెక్కపెట్టడం

పోయిన వారం సీటు ఎత్తు సరిచేసుకున్నాం కదా. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కాస్త వంగే ఉండాలి. ఇవాళ వేగం సంగతి. మనది హాల్లో ఫ్యాను కింద కదలకుండా ఉండే సైకిలే. చెన్నై రోడ్ల జోలికి పోవద్దు.

మొదట్లో నాన్నగారిని ఇష్టమొచ్చినట్టు తొక్కమన్నాను. అరగంట తొక్కి, "బాగా స్పీడుగా తొక్కానమ్మా" అన్నారు. లెక్కపెడితే నిమిషానికి 50 చుట్లే! ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి కదలికలు చిన్నవైపోతాయి, నెమ్మదిస్తాయి. చాలాసార్లు ఆ తేడా తొక్కే మనిషికి తెలియదు.

కావలసింది 80 నుంచి 90. ఈ అంకె వెనక ఓ కథ ఉంది. 2003లో జే ఆల్బర్ట్స్ అనే అమెరికన్ పరిశోధకుడు అక్కడి అయోవా రాష్ట్రంలో, పార్కిన్సన్స్ ఉన్న స్నేహితురాలిని వెనక కూర్చోబెట్టుకుని ఇద్దరు తొక్కే సైకిల్ మీద వెళ్లారు. పెడళ్లు కలిసే తిరుగుతాయి కాబట్టి ఆవిడ కాళ్లూ ఆయన వేగాన్ని అందుకోక తప్పలేదు. తొక్కింది కాళ్లతో, బాగుపడింది చేతిరాత! తర్వాత 2009లో అచ్చయిన పరిశోధనలో, అలా వేగంగా తొక్కించినవాళ్లకు 8 వారాల్లో కదలికల స్కోరు (కదలికలు చూసి డాక్టర్లు వేసే మార్కులు) సుమారు 35 శాతం మెరుగైంది. పాల్గొన్నది పదిమందే, ఆ 35 మీద మరీ ఆశ పెట్టుకోకండి.

ఇక అభ్యాసం. మాత్ర పనిచేస్తున్న వేళ చూసుకోండి. మా ఇంట్లో మాత్ర వేసుకున్న గంటకు ఎక్కుతారు. పెడల్ బిగింపు బాగా తగ్గించి పది నిమిషాలు నిదానంగా తొక్కాలి. తర్వాత వేగం పెంచి తొక్కుతుంటే పక్కనున్నవాళ్లు గడియారం చూస్తూ, కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టాలి. 20 వస్తే నిమిషానికి 80 అన్నమాట. రాలేదా? నిమిషానికి వచ్చే చుట్లను వారానికి ఐదు చొప్పున పెంచండి, చాలు. బిగింపు పెంచితే వేగం పడిపోతుంది, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. ఫోన్‌లో టిక్ టిక్ పెడితే నాన్నగారు విసుక్కున్నారు. అమ్మ పక్కన కూర్చుని తాళం వేస్తే మాత్రం కాళ్లు చక్కగా కలిశాయి.

తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలకూడదు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. ఆపగానే దిగొద్దు, కళ్లు తిరగొచ్చు. ఐదు నిమిషాలు మెల్లగా తొక్కి, మంచినీళ్లు తాగి, ఎవరైనా పట్టుకుంటేనే దిగండి.

వారానికి మూడు రోజులు తొక్కి, చుట్ల సంఖ్య నోట్‌బుక్‌లో రాయండి. రాసేది తొక్కినవారే. వచ్చే పాఠంలో ఆ అక్షరాలతోనే పని.