కీమోథెరపీని, ఇమ్యునోథెరపీని ఒకే నానో రేణువులో జతపరచడం ఎలా?

కణాలను చంపే కీమో మందును, రోగనిరోధక శక్తిని పనిచేయించే మందును ఒకే అతి చిన్న రేణువులో పెట్టే ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పరిశోధక విద్యార్థులు ముందు రేణువును తయారుచేసి, ఆ తరువాత అందులో ఏ మందులు నింపాలా అని ఆలోచిస్తుంటారు. ఆ వరుసను తిరగవేయాలని నా గట్టి అభిప్రాయం. క్యాన్సర్ కణం చావే రోగనిరోధక వ్యవస్థకు పిలుపు కావాలి కనుక, మొదట ఎంచుకోవలసినది కీమో మందును. డాక్సోరూబిసిన్ గాని ఆక్సాలిప్లాటిన్ గాని తగిలి చనిపోతున్న కణం కాల్‌రెటిక్యులిన్ అనే ప్రోటీన్‌ను తన ఉపరితలం మీదికి తెస్తుంది, కణాలకు శక్తినిచ్చే అణువైన ఏటీపీని బయటకు వదులుతుంది. ఆ సంకేతాలను అందుకున్న డెండ్రిటిక్ కణాలు (రోగనిరోధక వ్యవస్థకు కాపలా కణాలు) కణితి ఆనవాళ్లను, దానిపై దాడిచేసే టి కణాలకు చూపుతాయి. సిస్‌ప్లాటిన్ కూడా కణాన్ని చంపుతుంది గాని, కాల్‌రెటిక్యులిన్‌ను పైకి తేవడంలో అది బలహీనం.

తరువాత, ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో చూడండి. పీడీ-ఎల్1ను (టి కణాల దాడిని ఆపడానికి క్యాన్సర్ కణం వాడుకునే ప్రోటీన్‌ను) అడ్డుకునే యాంటీబాడీ కణం వెలుపలే విడుదల కావాలి; డాక్సోరూబిసిన్ మాత్రం కణం లోపలికి వెళ్లి కేంద్రకాన్ని చేరాలి. అందువల్ల మొదటిదాన్ని కణితి పరిసరాలలోని స్వల్ప ఆమ్లత్వానికి, రెండవదాన్ని, కణం లోపలికి తీసుకున్నవాటిని మోసే చిన్న సంచి అయిన ఎండోజోమ్‌లోని ఎక్కువ ఆమ్లత్వానికి విడిపోయే బంధాలతో కట్టాలి. ఇది కుదరకపోతే యాంటీబాడీని విడిగా ఇవ్వడం తక్కువతనమేమీ కాదు: ఒక రకం రొమ్ము క్యాన్సర్‌లో పీడీ-ఎల్1 యాంటీబాడీ అటెజోలిజుమాబ్‌ను ఆల్బుమిన్ రేణువుల రూపంలోని పాక్లిటాక్సెల్‌తో కలిపి పరీక్షించినది అలాగే. మామూలు పాక్లిటాక్సెల్‌కు ముందు ఇచ్చే స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. ఆల్బుమిన్ రూపానికి సాధారణంగా వాటి అవసరం ఉండదు.

రేణువు పరిమాణం సుమారు 100 నానోమీటర్ల దగ్గర ఉంటే మేలు. మరీ చిన్నవి మూత్రపిండాల గుండా పోతాయి, 200 దాటినవి కాలేయంలో, ప్లీహంలో చిక్కుతాయి. 2016లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం జంతు ప్రయోగాలలో ఎక్కించిన మోతాదులో కణితిని చేరినది మధ్యస్థంగా 0.7 శాతమే, కాబట్టి మిగిలినది ఏ అవయవానికి చేరిందో తప్పక కొలవాలి.

టి కణాలు లేని ఎలుకలలో ఈ ప్రయోగానికి అర్థం లేదు. ఆరోగ్యకరమైన రోగనిరోధక శక్తి గల ఎలుకలలో, విడి మందుల మిశ్రమాన్ని, ఒక్కొక్క మందునే నింపిన రేణువులను, ఖాళీ రేణువులను కూడా పోల్చి చూడాలి. చివరగా, యాంటీబాడీతో క్యాన్సర్ కణాలను నేరుగా చంపే సీడీ8 టి కణాలను తొలగించి అదే చికిత్సను మళ్లీ ఇవ్వండి. అప్పుడు కూడా కణితి అంతే తగ్గితే, మీరు చూసినది చాలావరకు కీమో మందు ప్రభావమే కావచ్చు.