బ్యాచ్ ఫైలుతో ఫోల్డర్లను వరుసగా తెరవడం

రోజూ పని మొదలుపెట్టగానే అవే నాలుగైదు ఫోల్డర్లను వెతికి తెరవవలసి వస్తుంటే, విండోస్‌లో ఆ పనిని ఒక చిన్న బ్యాచ్ ఫైలుకు, అంటే రాసిన ఆదేశాలను వరుసగా అమలుచేసే ఫైలుకు, అప్పగించవచ్చు. నోట్‌ప్యాడ్‌లో ఈ కింది వరుసలు రాయాలి. ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. ఇక్కడ పలికే తీరులో ఇస్తున్నాను.

@ఎకో ఆఫ్
సీహెచ్‌సీపీ 65001
స్టార్ట్ "" "డి:\లెక్కలు\ఈ నెల బిల్లులు"
టైమౌట్ /టి 2
స్టార్ట్ "" "డి:\ఉత్తరాలు"

చాలామంది తడబడేది ఆ ఖాళీ కొటేషన్ గుర్తుల దగ్గరే. స్టార్ట్ ఆదేశం తనకు మొదట కనిపించిన కొటేషన్లలోని మాటను విండో శీర్షికగా తీసుకుంటుంది కనుక, ఖాళీ జతను వదిలేస్తే ఫోల్డర్ చిరునామానే శీర్షిక అనుకుని, ఫోల్డర్‌కు బదులు ఒక నల్లని కమాండ్ విండోను తెరిచి ఊరుకుంటుంది. చిరునామా చుట్టూ ఉన్న కొటేషన్లు కూడా అవసరమే, ఎందుకంటే "ఈ నెల బిల్లులు" వంటి పేరులో ఖాళీలున్నాయి. చిరునామాను చేత్తో టైపు చేయకుండా, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, కాపీ యాజ్ పాత్ ఎంచుకుంటే కొటేషన్లతో సహా వస్తుంది.

రెండవ వరుసలోని 65001, తెలుగుతో సహా అన్ని లిపుల అక్షరాలను కంప్యూటర్‌లో రాసే యూటీఎఫ్-8 పద్ధతికి సంకేతం. తెలుగు పేర్లున్న ఫోల్డర్లు దొరకాలంటే అది ఉండాలి, ఫైలును కూడా యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి. పేరులో శాతం గుర్తు ఉంటే దానిని రెండుసార్లు రాయాలి.

ఇక వరుస క్రమం సంగతి. ఒక విండో పూర్తిగా తెరుచుకునే దాకా స్టార్ట్ ఆగదు. నెట్‌వర్క్ డ్రైవ్‌లోని ఫోల్డర్ ఆలస్యమైతే తరువాతది ముందుకు రావచ్చు. అందుకే మధ్యలో 2 సెకన్ల విరామం పెట్టాము. ఒక ఫోల్డర్‌లో పని ముగించాకే రెండవది తెరవాలనుకునేవారు టైమౌట్‌కు బదులు పాజ్ అని రాసుకోవడం మేలు. ఏదైనా మీట నొక్కేవరకు అది కదలదు. నేను లెక్కలు సరిచూసేటప్పుడు దీనినే వాడతాను, ఎందుకంటే తెరమీద ఒక్క ఫోల్డరే ఉంటే ఫైళ్లు తారుమారు కావు.

సేవ్ చేసేటప్పుడు ఫైలు రకంగా ఆల్ ఫైల్స్ ఎంచుకుని, పేరు చివర చుక్క పెట్టి బ్యాట్ అని రాయాలి. లేకపోతే టీఎక్స్‌టీ తోక తగులుకుని, రెండుసార్లు నొక్కినప్పుడు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది.