47 టుకానేలో వింత జంట తారలను వెతకడం ఎలా

గోళాకార తారాగుచ్ఛాల్లోని, అంటే లక్షలాది తారలు బంతిలా గుమిగూడిన చోట్లలోని, వింత జంట తారలను వెతకడం నేర్చుకునేవారికి నేను 47 టుకానే అనే గుచ్ఛాన్ని సూచిస్తాను. సుమారు 15 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గుచ్ఛం హైదరాబాదులో క్షితిజానికి సుమారు ఒక డిగ్రీ కంటే పైకి రాదు. అయినా తారల స్థానాలను, కదలికలను, రంగులను కొలిచిన గయా ఉపగ్రహం కొలతలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి కనుక, కంప్యూటర్ ముందు కూర్చుని దాని తారలను ఒక్కొక్కటిగా పరిశీలించవచ్చు.

గయా ఆర్కైవ్‌లో 2022లో విడుదలైన మూడో విడత సమాచారాన్ని తెరిచి, ఆకాశంలో స్థానాన్ని చెప్పే విషువాంశ 6.024, క్రాంతి −72.081 డిగ్రీల చుట్టూ అర డిగ్రీ వ్యాసార్ధంలో ఉన్న తారలను దించుకోండి. వాటిలో గుచ్ఛానికి చెందనివాటిని ఏరివేయడంలోనే పనంతా ఉంది. ఈ గుచ్ఛానికి చాలా వెనుక చిన్న మాగెల్లానిక్ మేఘం అనే మరో గెలాక్సీ పరుచుకుని ఉంటుంది. దాని ఎర్రని జెయింట్ తారలు, మనం వెతుకుతున్న వింత తారలు ఉండవలసిన చోటే, తరువాత గీయబోయే పటంలో వచ్చి చేరి, కొత్తవారిని సులువుగా మోసం చేస్తాయి. గుచ్ఛపు తారలు ఏటా తూర్పుకు సుమారు 5.25, దక్షిణానికి 2.55 మిల్లీ ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్‌సెకను, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకను) జరుగుతాయి. మేఘపు తారల కదలిక ఇంతకంటే చాలా తక్కువ. కాబట్టి ఈ విలువలకు ఒకటిన్నర మిల్లీ ఆర్క్‌సెకన్ల లోపు ఉన్నవాటినే ఉంచుకోండి.

తరువాత నీలం, ఎరుపు ప్రకాశాల తేడాను (అంటే రంగును; ఎడమ నీలం, కుడి ఎరుపు) అడ్డంగా, జీ ప్రకాశాన్ని (గయా కొలిచిన మొత్తం వెలుగును) నిలువుగా వేసి, ప్రకాశవంతమైనవి పైకి వచ్చేలా పటం గీయండి. ప్రకాశాన్ని మాగ్నిట్యూడ్లలో కొలుస్తారు, అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. కింది నుంచి వాలుగా పైకి వచ్చే ప్రధాన క్రమం, అంటే కేంద్రంలో హైడ్రోజన్‌ను మండించుకునే మామూలు తారల గీత, సుమారు 17.5 దగ్గర కుడికి మళ్లుతుంది. ఆ గీతను 19 దగ్గర పెద్దదిచేసి చూస్తే, దానికి కొంచెం పైన చుక్కల పలుచని వరుస ఒకటి కనిపిస్తుంది. సమాన తారలు రెండు ఒకే చుక్కగా కనిపించినప్పుడు వెలుగు రెట్టింపై, రంగు మారకుండా 0.75 మాగ్నిట్యూడ్ పైకి జరుగుతుంది కనుక, ఈ వరుసకు పైహద్దు అదే. ఇవి మామూలు జంటలే.

వింతలు మరో రెండు చోట్ల ఉంటాయి. మలుపుకు పైన, ఎడమవైపున ఉన్నవి బ్లూ స్ట్రాగ్లర్లు, అంటే తోటి తారలకంటే నీలంగా, వెలుగుగా ఉండిపోయినవి. 1953లో ఖగోళ శాస్త్రవేత్త అలన్ శాండేజ్ వీటిని ఎం3 అనే మరో గోళాకార గుచ్ఛంలో మొదట గుర్తించారు. ఇలాంటి గుచ్ఛాల వయసుకు అంత బరువైన తారలు ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. జంటలోని తోడు నుంచి పదార్థాన్ని గుంజుకునో, రెండు తారలు ఒకటిగా కలిసిపోయో ఇవి మళ్లీ బరువెక్కాయి. 47 టుకానేలోనే ఒక స్ట్రాగ్లర్ ద్రవ్యరాశి సూర్యుడికి 1.7 రెట్లుగా తేలింది, అంటే మలుపు దగ్గరి తారకు దాదాపు రెట్టింపు. రెండో చోటు సబ్‌జెయింట్ల (మలుపు దాటి ఉబ్బడం మొదలైన తారల) వరుసకు కింద, కుడివైపున ఉంటుంది. ఏ ఒంటరి తార జీవితక్రమమూ అక్కడికి చేర్చదు కనుక, ఆ చుక్కలే నాకు అన్నిటికంటే ఇష్టం.

అయితే పటం చూపేది అనుమానితులను మాత్రమే. గయా రంగును కొలిచే కిటికీ 3.5 ఆర్క్‌సెకన్ల పొడవుంటుంది. కిక్కిరిసిన చోట పక్క తార వెలుగు అందులోకి చొరబడి తప్పుడు రంగునిస్తుంది. అందుకే కేంద్రం చుట్టూ కనీసం ఐదు ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో పన్నెండో వంతు) మేర వదిలేయండి. జంటలు బరువుకు కేంద్రం వైపు దిగిపోతాయి కనుక ఈ నష్టం చిన్నది కాదు. కేంద్రంలోని తారల కోసం హబుల్ చిత్రాలకే వెళ్లాలి.

జంట అని నిర్ధారించడానికి వెలుగు క్రమంగా తగ్గి పెరగడమో, వేగం అటూ ఇటూ ఊగడమో కనిపించాలి. తారల వెలుగు మార్పులను కొలిచే టెస్ ఉపగ్రహపు ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లుంటుంది కనుక ఇక్కడ దానిని నమ్మకండి. చివరగా, మీ అనుమానితుల స్థానాలను చంద్ర టెలిస్కోపు ఎక్స్‌రే జాబితాతో పోల్చండి. కేంద్రం దగ్గరున్న ఎక్స్9 అనే జంట వింత స్వభావం ఎక్స్‌రే, రేడియో పరిశీలనలతోనే బయటపడింది. అందులో ఒక శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయిన తార మిగిల్చిన గర్భం), భూమికీ చంద్రుడికీ మధ్య దూరానికి సుమారు రెండున్నర రెట్ల దూరం నుంచి, 28 నిమిషాలకొకసారి తన తోడును చుట్టివస్తోంది. ఆ తోడు కృష్ణబిలమా, న్యూట్రాన్ తారా అన్నది ఇంకా తేలలేదు.